గీసే ముందు చదవండి

(విజిలెన్స్ అవగాహన వారోత్సవాల సందర్భంగా రాయ్‌పూర్ పరిసర శాఖల తెలుగు సిబ్బంది సమావేశంలో ఒక సీనియర్ మేనేజర్ చేసిన ప్రసంగ పాఠం)



విజిలెన్స్ వారోత్సవం అనగానే పాస్‌వర్డులు, జాయింట్ కస్టడీ, సర్క్యులర్ల నంబర్లు వినాల్సి వస్తుందని మీరు సిద్ధపడి వచ్చుంటారు. వాటి గురించి చెప్పేవాళ్లు నా తర్వాత ఉన్నారు. నేను మాత్రం పాత వాచీ చైను గురించి మాట్లాడతాను. కంపెనీవాళ్లు బ్రేస్‌లెట్ అంటారు, మనకి చైనే. అది అసలుదా కాదా అని తేల్చడంలో నేను రెండుసార్లు తడబడ్డాను. ఒకసారి అసలుదాన్ని నకిలీ అన్నాను. ఇంకోసారి కానిదాన్ని అసలుదని దాదాపు సంతకం పెట్టేశాను. ఈ రెండూ మీకు పనికొస్తాయని చెబుతున్నాను.

మొదటిది 2011లో జరిగింది. నేను అప్పుడు ఇక్కడే రాయ్‌పూర్‌లో గోల్డ్ లోన్ కౌంటర్ చూసేవాణ్ణి. ఈ ఊరికీ మనవాళ్లకీ ఉన్న చుట్టరికం మీకు తెలిసిందే. విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఇటు వచ్చాయి. కొందరు రైల్వేలో చేరారు, కొందరు ఆ తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారంలో చేరారు. డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ వైపు వెళితే ఇప్పటికీ తెలుగు చెవిన పడుతుంది. అలా వచ్చిన కుటుంబమే ఆమెది. పార్వతీపురం దగ్గర పల్లె. భర్త వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరై, కాలం చేశారు. మనవరాలికి నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది, ఫీజు కట్టాలి.

ఆమె రుమాలు విప్పి ఒక హెచ్‌ఎంటీ వాచీ బల్ల మీద పెట్టింది. వాచీ మామూలుదే, స్టీలు కేసు. దానికున్న చైను మాత్రం బంగారు రంగులో, రబ్బరులా సాగే రకం. ఓడల్లో పనిచేసిన ఆమె తమ్ముడు ఎప్పుడో బయటి దేశం నుంచి తెచ్చి బావగారికి ఇచ్చాడట. అప్రైజర్ గీటురాయి మీద గీశాడు, ఆసిడ్ చుక్క వేశాడు, అంచు మీద చిన్నగా రాపిడి పెట్టాడు. లోపల తెల్ల లోహం కనబడింది. "నకలీ హై, మాతాజీ" అన్నాడు. నేను తలెత్తకుండానే తెలుగులో అదే చెప్పాను. "నకిలీదమ్మా ఇది." ఆ మాటకి రెండు భాషల్లో పెద్ద తేడా లేదు. క్యూలో ఉన్నవాళ్లందరికీ అర్థమైంది.

ఆమె కాసేపు నిలబడింది. "ఏటి బాబూ, మా ఆయన నాకు ఇన్నేళ్లూ అబద్ధం సెప్పాడంటావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె వాచీని రుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయింది. తర్వాతి టోకెన్ పిలిచాం.

నాలుగు నెలల తర్వాత సదర్ బజార్‌లో వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకరు డబ్బు కట్టడానికి బ్రాంచికి వచ్చారు. మా ఖాతాదారే. కౌంటర్ ముందు నిలబడి నన్ను హిందీలో నిలదీశారు. ఆమె ఆ వాచీని అమ్ముదామని ఆయన దగ్గరికి తీసుకెళ్లిందట. ఆయన కంటికి లూప్ పెట్టుకుని చైను లోపలివైపు చూస్తే అచ్చు గుద్దిన అక్షరాలు కనిపించాయి. 1/20, 10కే, జి.ఎఫ్. అని.

"ఆ చైను ఎవరినీ మోసం చెయ్యలేదు సాబ్. తానేమిటో లోపల రాసి మరీ పెట్టుకుంది. మీరు గీశారు, కాల్చారు, కోశారు. చదవలేదు" అన్నారాయన.

ఆ అక్షరాల అర్థం ఆయనే చెప్పారు. జి.ఎఫ్. అంటే గోల్డ్ ఫిల్డ్. మామూలు లోహం మీద బంగారు రేకుని వేడితో, ఒత్తిడితో అతికించిన సరుకు. కరెంటుతో వేసే పల్చటి పూత కంటే ఇది చాలా మందం, దశాబ్దాలు నిలుస్తుంది. 10కే అంటే ఆ రేకు పది కేరట్లది. 1/20 అంటే మొత్తం లోహం బరువులో ఇరవయ్యో వంతు ఆ రేకు. చైను బరువు 30 గ్రాములనుకోండి. అందులో ఇరవయ్యో వంతు 1.5 గ్రాములు. దాన్లో 24కి 10 వంతుల లెక్కన మేలిమి బంగారం 0.625 గ్రాము. అదీ కొత్తగా ఉన్నప్పటి మాట. ఇన్నేళ్లు అరిగాక ఇంకా తక్కువే ఉంటుంది.

అంటే మేం అప్పు ఇవ్వకపోవడం సరైనదే. మేం అన్న మాట మాత్రం తప్పు. "అమ్మా, ఇది మంచి కంపెనీ సరుకే, కానీ పైన బంగారం పొర మాత్రమే ఉంది, దీని మీద అప్పు రాదు. ఇంకేదైనా నగ ఉందా?" అని అడిగి ఉంటే సరిపోయేది. అలా అడగలేదు. ఆ రోజు ఆమె మెడలో రెండు పేటల గొలుసు ఉంది. ఆమె దాన్ని బజార్లో ఒక వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీకి తాకట్టు పెట్టిందని ఆ వాచీ పెద్దాయన చెబితేనే నాకు తెలిసింది. బ్యాంకుకి మళ్లీ ఎందుకు వెళ్లలేదని ఆయన అడిగితే, "మళ్లీ నకిలీ అంటారేమోనని" అందట.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్లాను. ఆ అక్షరాలు కాగితం మీద రాసి, అర్థం చెప్పాను. "ఆయన మీతో అబద్ధం చెప్పలేదమ్మా, చైను మీద రాసుందే చెప్పారు" అన్నాను. ఆమె టీ పెట్టి ఇచ్చింది. గొలుసు విడిపించుకుని మన బ్యాంకుకి రావడానికి ఇంకో నెల పట్టింది. ఈలోగా కట్టిన వడ్డీ మాత్రం తిరిగి రాదు. నా ఒక్క మాట ఖరీదు ఆ వడ్డీ.

ఆ తర్వాత చాలా ఆదివారాలు నేను ఆ పెద్దాయన దుకాణంలో కూర్చున్నాను. ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని ఇప్పుడు మీకు చెబుతాను. "ఇది అసలుదేనా?" అనేది ఒక్క ప్రశ్న కాదు, మూడు ప్రశ్నలు. ఇది ఏ లోహం? దీని మీద పేరున్న కంపెనీయే దీన్ని చేసిందా? ఇది ఈ వాచీతోపాటే వచ్చిందా? ఈ మూడింటినీ కలిపేస్తే ఎవరైనా తప్పే చెబుతారు.

మొదటిది లోహం. మనకి, అంటే అప్పిచ్చేవాళ్లకి, కావలసింది ఇదే. క్లాస్ప్ తెరిచి లోపల చూడాలి. 750 అంటే 18 కేరట్లు, 585 అంటే 14, 417 అంటే 10. పాత స్విస్ వాచీల బంగారు కేసు మీద 18 కేరట్లకి హెల్వీషియా అనే స్త్రీ తల ముద్ర, 14 కేరట్లకి ఉడుత ముద్ర ఉండేవి. 1995 నుంచి వాటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. మైక్రాన్లు అని ఉంటే అది పూత మందం. 20 మైక్రాన్లంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. జి.ఎఫ్. అని కనబడగానే గోల్డ్ ఫిల్డ్ అని తీర్మానించకండి. జెనీవాలో 1835 నుంచి గే ఫ్రేర్ అనే సంస్థ ఉండేది. పేరున్న ఎన్నో వాచీ కంపెనీలకి చైన్లు చేసి ఇచ్చింది. 1998లో రోలెక్స్ దాన్ని కొనేసింది. వాళ్ల ముద్ర కూడా పొట్టేలు తలతో జి.ఎఫ్. అనే అక్షరాలే. వాళ్లు చేసినవాటిలో అచ్చమైన 18 కేరట్ల చైన్లున్నాయి. అవే రెండక్షరాలు ఒక చోట పొర అని చెబుతాయి, ఇంకో చోట చేసినవాళ్ల పేరు చెబుతాయి. పక్కన భిన్నం ఉందా, 750 ఉందా అని చూస్తే తేలిపోతుంది.

ముద్ర లేకపోతే నకిలీయేనా? కాదు. మన దేశంలో బంగారు నగలకి హాల్‌మార్క్ 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ లేకుండా దుకాణాలు అమ్మకూడదు. కానీ ఆ నిబంధన నుంచి వాచీలకి, ఫౌంటెన్ పెన్నులకి, కుందన్, పోల్కీ, జడావు నగలకి మినహాయింపు ఉంది. పైగా తాతల నాటి వస్తువు మీద నిన్నమొన్నటి ముద్ర ఎలా ఉంటుంది? హెచ్‌యూఐడీ లేదనే ఒక్క కారణంతో పాత వస్తువుని నకిలీ అనకండి.

రెండో ప్రశ్న, ఎవరు చేశారన్నది. బరువుగా ఉంటే అసలుదని మనలో చాలామంది నమ్మకం. పాత స్టీలు చైన్ల విషయంలో ఇది తలకిందులు. 1950, 60 దశకాల్లో పెద్ద కంపెనీలు కూడా పల్చటి రేకు మడిచి లింకులు చేసేవి, పక్కల రివెట్లు కొట్టేవి. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంటాయి, ఊపితే గలగలమంటాయి. ఇవాళ ఎవరో చేసిన నకలు ఘనమైన లింకులతో బరువుగా ఉంటుంది. చూడగానే బాగుందనిపించేది అదే. కాబట్టి బరువు చూసి మురిసిపోకుండా అక్షరాల అంచులు చూడాలి. యంత్రంతో లోతుగా గుద్దిన ముద్ర అంచులు నిటారుగా, స్పష్టంగా ఉంటాయి. పోత పోసి తీసిన నకలులో అంచులు మెత్తబడి, అక్షరాల అడుగున చిన్న చిన్న గుంటలుంటాయి.

మూడోది, ఈ చైను ఈ వాచీదేనా అన్నది. చాలా చైన్లకి క్లాస్ప్ లోపల తేదీ సంకేతం ఉంటుంది. రోలెక్స్ స్టీలు చైన్ల మీద మొదట్లో త్రైమాసికం, సంవత్సరం అంకెల్లో ఉండేవి. 1976 నుంచి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి, ఆ ఏడాది ఏ, మరుసటి ఏడాది బి, అలా. పక్కన ఎస్ అని ఉంటే సర్వీసులో మార్చిన చైను. వాచీ కేసుకి ఆనుకునే చివరి ముక్కలకి వేరే నంబరుంటుంది. వాచీ ఒక కాలానిది, క్లాస్ప్ సంకేతం ఇంకో కాలానిది అయితే అది మోసమని కాదు, తర్వాత మార్చారని. క్లాస్ప్ ఒక్కటే మార్చడం చిటికెలో పని, అందుకే క్లాస్ప్ మీది ముద్ర ఒక్కటే సాక్ష్యంగా చాలదు. అరుగుదల కూడా చూడాలి. నలభై ఏళ్లు చేతికున్న చైనుని పక్కకి తిప్పి అడ్డంగా పట్టుకుంటే విల్లులా వంగి వేలాడుతుంది. వాచీ అద్దం నిండా గీతలుండి, చైను కొత్త పెళ్లికొడుకులా బిగుసుకుని ఉంటే ఎందుకని అడగాలి.

ఆ లెక్కన చూస్తే ఆ తల్లి తెచ్చిన చైను మూడో ప్రశ్నలో తప్పింది, హెచ్‌ఎంటీతో వచ్చింది కాదు. రెండో ప్రశ్నలో నెగ్గింది. మొదటి ప్రశ్నకి తన మీద తానే జవాబు రాసుకుంది. నేను వాడిన ఒక్క మాట ఈ మూడింటినీ తుడిచిపెట్టింది.

ఇక రెండో తడబాటు. కొన్నేళ్ల క్రితం, మార్చి నెలాఖరు. టార్గెట్లు మీకు చెప్పక్కర్లేదు. ఒకాయన తండ్రిగారి స్విస్ వాచీ తెచ్చారు, బంగారు కేసు, బంగారు రంగు చైను. కేసు లోపల హెల్వీషియా తల స్పష్టంగా ఉంది. అప్రైజర్ చైనుని విడదీసి కేరట్ మీటరులో పెట్టాడు. 18 కేరట్లకి దగ్గరగా చూపించింది. చైను 50 గ్రాముల పైమాట. ఆ రోజు ధరకి సుమారు లక్షన్నర అప్పు. కాగితాలు తయారు. నా పెన్ను చేతిలో ఉంది.

ఆ పెద్దాయన మాట గుర్తొచ్చి పెన్ను పక్కన పెట్టి లూప్ తీశాను. క్లాస్ప్ లోపల 750 లేదు. ఏ అంకే లేదు. చివరి ముక్కలో, వాచీకి తగిలించే పిన్ను దూరే రంధ్రం అంచున బూడిదరంగు కనబడింది. అక్కడ అరవై ఏళ్లుగా పిన్ను రాసుకుంటూ ఉంది, పూత అక్కడే ముందు పోతుంది. అది స్టీలు చైను, మీద మందమైన పూత. కేసు అచ్చమైన 18 కేరట్లదే, చైను తర్వాతెప్పుడో మార్చింది.

మరి యంత్రం అబద్ధం చెప్పిందా? లేదు. అది పైనున్న కొన్ని మైక్రాన్ల లోతు వరకే చూస్తుంది. అక్కడున్నది 18 కేరట్ల బంగారమే. గీటురాయి కూడా పై పొరనే గీస్తుంది. మనం అడిగినదానికే యంత్రం జవాబిచ్చింది, అడగనిదాన్ని మనమే ఊహించుకున్నాం. కేసు మీది ముద్ర కేసుకే సాక్ష్యం, చైనుకి కాదు. లోపల యంత్రం ఉన్న కేసుని నికర బంగారం తూచలేక మేం తాకట్టుకి తీసుకోలేదు.

ఈసారి నేను నకిలీ అనలేదు. ఆయనని లోపలికి పిలిచి, లూప్ ఆయన చేతికే ఇచ్చి, ఆ రంధ్రం చూడమన్నాను. చాలాసేపు చూశారు. "మా చెల్లెలి పెళ్లప్పుడు నాన్న ఏదో సర్దుబాటు చేశానన్నారు. ఇదేనేమో" అన్నారు మెల్లగా. ఆయనకీ ఆ రోజే తెలిసింది. మోసం చేయాలని వచ్చిన మనిషి కాదు. రెండు రోజుల తర్వాత వేరే నగలతో వచ్చి అప్పు తీసుకున్నారు.

ఆ రోజు సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో ఈ వారోత్సవంలో నేను విడమరచి చెప్పక్కర్లేదు. అప్రైజర్ ప్యానెల్ నుంచి పోయేవాడు, నాకు మెమో వచ్చేది, ఆ పెద్దమనిషి మీద కేసు పడేది. ముగ్గురిలో ఒక్కరికీ దురుద్దేశం లేదు. మోసగాడు లేకుండానే మోసం జరిగిపోయేది. విజిలెన్స్ అంటే దొంగని పట్టుకోవడమే అనుకుంటాం. దొంగ లేని చోట కూడా అది అవసరమే.

రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో బంగారం, వెండి తాకట్టు రుణాల మీద ఇచ్చిన ఆదేశాలు కూడా ఈ దారిలోనే ఉన్నాయి. పరీక్ష రుణగ్రహీత ఎదుటే జరగాలి. రాళ్లు, కొక్కేల వంటివాటికి తీసేసిన బరువు ఎంతో, ఎందుకో వివరించి సర్టిఫికెట్లో రాయాలి. విలువ కట్టాల్సింది అందులోని బంగారానికే. ఇది చాలామంది కస్టమర్లకి అర్థం కాదు. "ఇంటర్నెట్‌లో దీని ధర లక్షలుంది సార్" అంటారు. నిజమే కావచ్చు, పాత వాచీలు సేకరించేవాళ్లు ఒక స్టీలు చైనుకి కూడా పెద్ద ధర పెడతారు. అది వాళ్ల మోజు ధర, మన తాకట్టు ధర కాదు. కాకపోతే అలాంటివాళ్లకి ఒక మాట చెప్పి పంపండి. పాలిష్ పెట్టించొద్దని, పాత క్లాస్ప్ పారేయొద్దని, తెలిసినవాళ్లకి చూపించకుండా తూకానికి అమ్మొద్దని. ఆ సలహాకి మనకి ఖర్చేమీ లేదు.

మా శాఖలో ఇప్పుడు గోల్డ్ లోన్ కౌంటర్లో పది రెట్ల లూప్ ఒకటి దారంతో కట్టి ఉంటుంది. అప్రైజర్ గీసే ముందు వస్తువు మీద ఏం రాసుందో పైకి చదువుతాడు, అధికారి రిజిస్టరులో రాస్తాడు. ముద్ర లేకపోతే "ముద్ర లేదు" అని రాస్తాడు. తర్వాతే గీటురాయి, తర్వాతే యంత్రం. అరిగే చోట్లు, అంటే రంధ్రాలు, మడతలు, క్లాస్ప్ అంచులు, చివర్లో చూస్తాం. అప్పు రాని వస్తువైతే "దీని మీద అప్పు రాదు, కారణం ఇది" అని చెబుతాం. నకిలీ అనే మాట మా కౌంటర్లో వాడం. ఎవరైనా కావాలనే మోసం చేశారని రుజువైతే ఆ మాట రాయడానికి వేరే ఫారం ఉంది, దాని దారి వేరే.

రేపు ఉదయం బ్రాంచికి వెళ్లగానే ఒక పని చేయండి. మీ చేతికున్న వాచీ విప్పి, క్లాస్ప్ లోపల ఏం రాసుందో చదవండి. ఇన్నేళ్లుగా పెట్టుకుంటున్నదే అయినా చాలామందికి అది మొదటిసారి చదవడం అవుతుంది. మన చేతిదే మనం చదవనప్పుడు, ఎదుటివాళ్ల చేతిదాన్ని ఎంత నిదానంగా చదవాలో అక్కడే తెలిసిపోతుంది.